కంపెనీ యిచ్చిన బిరుదు, ఊరు ఉంచిన నమ్మకము

ఒకప్పుడు మన పల్లెలలో చదువు వచ్చిన స్త్రీ ఊరికొకతె యుండుటయే గొప్ప. ఉదయగిరి కొండ క్రింది గ్రామములలో గాని, ఆత్మకూరు ప్రాంతమున పెన్న యొడ్డునున్న గ్రామములలో గాని, కూలికో నౌకరికో దూరదేశమునకు పోయిన కొడుకు ఉత్తరము వ్రాసినచో, తల్లి దానిని కొంగున ముడివైచుకొని ఆ చదువుకొన్న యిల్లాలి వాకిటికి పోయెడిది. ఆమె పనిపాటులు ముగియు వఱకు అరుగుమీద కూర్చుండి, ఉత్తరమును రెండుమారులు చదివించుకొని వచ్చెడిది. ఆ యుత్తరములో అప్పు సంగతి యుండును; కోడలిమీద నిష్ఠురముండును; చెప్పుకొనరాని జబ్బు మాట యుండును. చదివిపెట్టిన యిల్లాలు ఆ సంగతులను తన పెనిమిటికైనను చెప్పెడిది కాదు. చెప్పినయెడల మఱునాడు ఆమె గుమ్మము త్రొక్కువారుండరు. ఆమె కెవ్వరును నియమావళి వ్రాసి యీయలేదు. ఊరి నమ్మకమే ఆమెకు నియమావళి.

నేడు ఉత్తరములు తగ్గినవి. వాని స్థానమున సెల్‌ఫోను వచ్చినది. పింఛను సొమ్ము పడినదో లేదో, పొదుపు సంఘపు కంతు చేరినదో లేదో, బిడ్డ పరీక్ష యేమైనదో, కువైటులోనున్న మనుమని ముఖ మెట్లున్నదో, సర్వమును అరచేతిలోని ఆ చిన్న పలకయందే తెలియవలయును. తెలియనివారు తెలిసినవారి గుమ్మమునకే పోవుదురు. ఆనాడు ఉత్తరము చదివిన యిల్లాలు కూర్చున్న పీటమీద నేడొక యువతి కూర్చున్నది. భేద మొక్కటియే. ఆనాటి యిల్లాలిని గుర్తించినది ఊరు. నేటి యువతిని ఊరితోబాటు ఒక్కొక్కప్పుడు దూరదేశమందలి కంపెనీయు గుర్తించుచున్నది, బిరుదు నిచ్చుచున్నది, ప్రశంసాపత్రము పంపుచున్నది. ఇట్టి బిరుదు ధరించిన స్త్రీ యెట్లు నడచుకొనవలయును? ఆమెను కన్నతల్లియు, ఆమెను ఆశ్రయించిన పొరుగు స్త్రీయు ఏమి యెఱిగి యుండవలయును? ఈ మాసము మా సోదరీమణులతో ఈ విషయమును ముచ్చటింపదలచితిమి.

మొదట ఈ బిరుదు లెట్లు పుట్టినవో చెప్పెదము. మైక్రోసాఫ్టు కంపెనీవారు 1993వ సంవత్సరమున ఒక పద్ధతి ప్రారంభించిరి. కంప్యూటరు వాడువారికి కలుగు చిక్కులను జీతము లేకయే తమ తీరిక వేళలలో తీర్చిపెట్టుచున్న కొందఱిని ఏఱి, వారికి ‘ఎమ్.వి.పి.’ అను బిరుదు నొసంగిరి. అత్యంత విలువైన నిపుణుడు అని దాని యర్థము. ఆ బిరుదు జన్మాంతము నిలుచునది కాదు. గడచిన కాలములో చేసిన సేవను జూచి ఒక సంవత్సరమునకు మాత్రమే యిచ్చుదురు. బిరుదు పొందినవారు కంపెనీ ఉద్యోగులు కారు. కంపెనీ తరఫున మాటలాడు అధికారమును వారికి లేదు. తరువాత ఇతర కంపెనీలును ఇట్టి పద్ధతులే అవలంబించినవి. గూగులువారు తమ పటములలో దుకాణములను, ఆసుపత్రులను, దారులను గూర్చి తెలియజేయువారికి ‘లోకల్ గైడు’ అను పేరిచ్చి, పాయింట్ల లెక్కన పది మెట్లు ఏర్పఱచిరి.

మన పల్లెల స్త్రీలకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది మాత్రము ‘ఇంటర్నెట్ సాథీ’ అను పద్ధతి. గూగులు, టాటా ట్రస్టులు కలసి 2015వ సంవత్సరమున దీనిని ప్రారంభించినవి. అప్పుడు గ్రామములలో ఇంటర్నెట్టు వాడు పదిమందిలో స్త్రీ యొక్కతెయే యని వారి లెక్క. పల్లెలోని స్త్రీనే యెన్నుకొని, ఆమెకు శిక్షణ మిచ్చి, ఫోనును పలకను ఒక సైకిలుమీద అమర్చి యిచ్చి, చుట్టుప్రక్కల గ్రామముల స్త్రీలకు నేర్పుమని పంపిరి. రాజస్థానము, గుజరాతు, జార్ఖండులలో మొదలైన యీ పని మన ఆంధ్రప్రదేశమునకును వచ్చి, క్రమముగా 20 రాష్ట్రములకు వ్యాపించినది. 2021వ సంవత్సరమున దీనిని ముగింపునకు తెచ్చునప్పటికి 80,000 మందికి పైగా సాథీలు 3 కోట్లకు పైగా స్త్రీలకు నేర్పిరని ఆ సంస్థలవారు ప్రకటించిరి. సాథీలకు స్వల్పమైన పారితోషికము దొరకెడిది. కాని వారు చేసిన పనికి అది వెల యనదగినది కాదు. పొరుగు స్త్రీ గుమ్మము దాటి లోపలికి రానిచ్చుటయే వారికి దొరకిన పెద్ద మూలధనము.

కంపెనీలు ఇట్టి బిరుదులేల యిచ్చును? ధర్మబుద్ధి కొంత లేదనము. కాని లాభమును ఉన్నది. కంపెనీ తన్ను దాను పొగడుకొన్న మాటను ఎవరును నమ్మరు. అదే మాట ఎదురింటి అమ్మాయి చెప్పినయెడల అవ్వ మొదలు మనుమరాలి వఱకు నమ్ముదురు. ఆ నమ్మకమును కంపెనీ సంపాదింపలేదు. అమ్మాయి తల్లియు తాతయు ఆ యూర నడచిన నడత వలన అది సిద్ధించినది. కనుక బిరుదు పుచ్చుకొన్న స్త్రీ ప్రతిదినమును తన మనస్సును ఒక ప్రశ్న యడుగవలయును: నేడు నేను ఎవరి పక్షమున మాటలాడితిని?

మేము దగ్గఱనుండి చూచిన యొక సంగతిని చెప్పెదము. పేర్లు చెప్పము, ఊరిపేరును చెప్పము. ఆత్మకూరునకు పడమట నొక పల్లె. మా బంధువర్గములోని యొక యువతి డిగ్రీ చదువు ముగించి యింటనుండెను. ఒక కంపెనీవారు ఫోను విద్య నేర్పుటకై గ్రామ స్త్రీల నెన్నుకొనుచుండగా ఆమెయు ఎన్నుకొనబడెను. ప్రతి సాయంకాలమును ఆమె వేపచెట్టు క్రింద పదునైదుగురు స్త్రీలను కూర్చుండబెట్టుకొని, ఫోను తెఱచుట, సొమ్ము పంపుట, బ్యాంకులోని నిలువ చూచుట ఓపికతో నేర్పెను. ఏడాది తిరుగునప్పటికి కంపెనీనుండి ప్రశంసాపత్రము వచ్చెను. తండ్రి దానికి అద్దము కట్టించి దేవుని పటముల ప్రక్కను వ్రేలాడదీసెను.

ఆ స్త్రీలకు రహస్యపు అంకెలు జ్ఞాపకముండెడివి కావు. “మాకు గుర్తుండవు అమ్మాయీ, నువ్వే రాసి పెట్టుకో” అనిరి. ఆమెయు దయతోనే ఒక నోటుపుస్తకములో పేరు, బ్యాంకు, రహస్యపు అంకె వరుసగా వ్రాసి యుంచెను. కొంతకాలమునకు ఆమెకు వివాహమై హైదరాబాదునకు కాపురమునకు పోయెను. పుస్తకము పుట్టినింటి గూటిలోనే యుండిపోయెను. ఆ యింటి యువకుడొకడు ఫోనులో పందెపు ఆటలాడి సొమ్ము పోగొట్టుకొని యుండెను. వీథిలోని యొక ముసలి అవ్వ తన ఫోనును చార్జింగు కొఱకు తఱచు ఆ యింటనే విడిచిపోవుచుండెడిది. ఫోను చేతనున్నది, అంకె పుస్తకములో నున్నది. కంటి వైద్యమునకు నెల్లూరు పోవలెనని పింఛనులో మిగిల్చి ఆమె కూడబెట్టిన సొమ్ములో 4,500 రూపాయలు మూడు దఫాలుగా మాయమయ్యెను.

సంగతి ఇంటివారికి తెలిసెను. తల్లి కూతురికి ఫోను చేసి, “గుట్టుగా ఆ సొమ్ము ఆమె ఖాతాలో వేసేద్దాం. సర్టిఫికెట్టు వచ్చిన యింట్లో ఇట్టాంటి మాట పుట్టకూడదు. నీ అత్తగారింట్లో తెలిస్తే ఏమవుతుంది?” అనెను. ఆ తల్లి చెడ్డది కాదు. పరువు పోవునను భయము మనయందఱకు నున్నదే. కూతురు ఆ రాత్రి నిద్రపోలేదు. మఱునాడు బస్సెక్కి వచ్చి, ఆ వేపచెట్టు క్రిందనే అందఱిని పిలిచి, “దుడ్లు తీసింది మా యింటివాడు. దారి చూపింది నా నోటుపుస్తకం” అని చెప్పెను. సొమ్మును అవ్వ చేతిలో పెట్టెను. పుస్తకమును అందఱి యెదుట చింపి పొయ్యిలో వేసెను. ప్రతి స్త్రీ చేతను ఆమె వ్రేలితోనే క్రొత్త అంకె వేయించెను. జరిగినది కంపెనీకిని వ్రాసి, బిరుదు తీసికొన్నను తనకు బాధ లేదని తెలిపెను.

ముగ్గురు స్త్రీలు ఆ తరువాత చెట్టు క్రిందికి రాలేదు. ఆ మాట దాచుట ధర్మము గాదు. సత్యమునకు వెల యుండును. కాని ఆ ముసలి అవ్వ యన్న మాట మేము మఱువజాలము: “నువ్వు చెప్పకుండా దుడ్లు వేసింటే నాకు తెలిసేదే కాదు. చెప్పినావు కాబట్టే ఈ ఫోను మళ్ళా నీ చేతికే ఇస్తా.” అందు కా యువతి, “వద్దవ్వా, నీ చేతిలోనే ఉంచుకో. నేను పక్కన కూర్చుని చెప్తా” అనెను. ఈ యొక్క మాటలో కంపెనీలు పుటలకొలది వ్రాయు నియమముల సారమంతయు ఇమిడియున్నదని మేము తలచెదము.

ఇంతకును ఆ నియమము లేవి? మా బుద్ధికి తోచినంతవఱకు, గృహస్థుల భాషలో, ఇచట వివరించెదము.

మొదటిది, సంబంధమును దాచకుండుట. కంపెనీ యొక ఫోనును బహుమానముగా పంపినచో, ఆ ఫోనును గూర్చి నలుగురిలో మంచిమాట చెప్పునప్పుడు “ఇది నాకు వారు ఊరకనే యిచ్చినది” అని ముందుగా చెప్పవలయును. ఇది మర్యాద మాత్రమే గాదు, మన దేశమున నియమము గూడ. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, జనులను తప్పుదారి పట్టించు ప్రకటనకు వత్తాసు పలికినవారికి మొదటి తప్పునకు 10 లక్షల రూపాయల వఱకును, మరల చేసినయెడల 50 లక్షల వఱకును జరిమానా విధింపవచ్చును. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల శాఖవారు దీనిని మఱింత విశదపఱచిరి. సొమ్ము మాత్రమే గాక, బహుమానములు, ఉచిత ప్రయాణములు, ఉచిత వస్తువులు, పురస్కారములు, బంధుత్వము సైతము వెల్లడింపవలసిన సంబంధములే యనిరి. ఏ భాషలో పొగడితిమో ఆ భాషలోనే ఆ వెల్లడింపును ఉండవలయు ననిరి. అనగా తెలుగులో పొగడి, సంబంధమును మాత్రము మూల నెక్కడనో ఇంగ్లీషులో వ్రాసి తప్పించుకొనరాదు.

రెండవది, తాను కానిదానిని తానని చెప్పకుండుట. బిరుదు వచ్చినంత మాత్రమున ఆమె కంపెనీ యధికారిణి కాదు. “నేను చెప్పిన మీ సొమ్ము తిరిగి వచ్చును”, “నా మాట మీద మీ ఖాతా తెఱతురు” అని అభయ మిచ్చుట తగదు. తనకు తెలిసినది చెప్పి, తెలియనిది తెలియదని చెప్పి, ఎచటికి పోయి యడుగవలయునో చూపుటతో ఆమె పని ముగియును. సొమ్ము మోసపోయినదని యెవరైన ఏడ్చుచు వచ్చినప్పుడు, తానే యేదో చేసెదనని గంటలు గడపుట ప్రమాదము. వెంటనే 1930 అను ప్రభుత్వపు నంబరునకు ఫోను చేయింపవలయును. ఎంత త్వరగా తెలిపిన, పోయిన సొమ్మును దారిలోనే ఆపుటకు అంత వీలుండును.

మూడవది, రెండువైపుల రహస్యములను కాపాడుట. ఇంకను వెలువడని వస్తువులను గూర్చి కంపెనీ ముందుగా చెప్పి, ఎవరికిని చెప్పవద్దని ఒప్పందము వ్రాయించుకొనును. ఒప్పుకొని సంతకము చేసినపిమ్మట దానిని పాటింపవలసినదే. కాని కంపెనీ రహస్యమునకు కాగితమున్నది. పొరుగు స్త్రీ రహస్యమునకు కాగితము లేదు. అందుచేతనే దానిని మఱింత జాగ్రత్తగా కాపాడవలయును. ఓటీపీ యడుగరాదు, చెప్పినను వినరాదు. రహస్యపు అంకెను వ్రాసి యుంచరాదు. ఆధారు కార్డు ఫొటో తన ఫోనులో నిలువ చేసికొనరాదు. నేర్చుకొనుచున్న స్త్రీల ముఖములను, వారి యనుమతి లేనిదే, “ఇందఱికి నేర్పితిని” అని కంపెనీకి చూపుటకై ఫొటోలు తీసి పంపరాదు. ఘోషా పాటించు కుటుంబములు మన ప్రాంతమున కలవు. ఆ యిండ్లలో ఒక్క ఫొటో వలన ఆ స్త్రీకి చదువే నిలిచిపోవచ్చును.

నాల్గవది, లెక్కకొఱకు మనుష్యులను వాడుకొనకుండుట. ఇంతమందిచే ఈ యాపు ఎక్కింపజేసిన ఇన్ని పాయింట్లు, ఇన్ని పాయింట్లకు ఈ మెట్టు, అని కంపెనీ యాస పెట్టినప్పుడు మనస్సు జాఱుట సహజము. అక్కఱలేని యాపును అవ్వ ఫోనులో ఎక్కించిన, పాయింటు నీకు వచ్చును, చిక్కు ఆమెకు వచ్చును. తాను తినని దుకాణపు ఫలహారము రుచిగా నున్నదని వ్రాయుట, తన అన్నగారి అంగడిని తానే మెచ్చుకొని వ్రాయుట, ఎదుటి అంగడిని తెగడి వ్రాయుట, ఇవన్నియు కంపెనీలే నిషేధించిన పనులు. వారు నిషేధింపకపోయినను మనము చేయదగనివి.

ఐదవది, మంచిని మంచి యనినట్లే చెడును చెడనుట. బిరుదిచ్చిన చేతిని కఱచుట యెట్లని కొందఱనుకొందురు. లోపమును సౌమ్యముగా, ఋజువుతో చెప్పుట కఱచుట గాదు. ఒక వస్తువు తెలుగులో సరిగా పనిచేయక, అక్షరములు విఱిగి కనబడుచు, స్త్రీలు బాధపడుచుండగా, బిరుదు పోవునని నోరు మూసికొనినచో, ఆమె కంపెనీకి గూడ మేలు చేసినది గాదు. వేఱొక కంపెనీ వస్తువు పేదరాలికి చౌకగాను మేలుగాను ఉన్నయెడల ఆ మాట చెప్పగలుగుటయే ఆమె నిజాయితీకి గీటురాయి.

ఆఱవది, ఉచితముగా ఇచ్చెదనన్న సాయమునకు చాటుగా వెల పుచ్చుకొనకుండుట. “ఫారము నింపితిని, కాఫీకిమ్ము” అని మొదలైన మాట కొలది దినములకు రేటుగా మాఱును. పనికి కూలి కావలసిన, కూలికే చేయుచున్నానని చెప్పి చేయవచ్చును. అందు తప్పు లేదు. సేవ యని చెప్పి కూలి పుచ్చుకొనుటయే తప్పు. కులము, మతము, పార్టీ చూచి ఒకరికి ముందును ఒకరికి వెనుకను చేయుటయు ఇట్టిదే.

ఏడవది, అన్నిటిలో పెద్దది: తన అక్కఱ లేకుండునట్లు చేయుట. ఎల్లకాలము ఇతరులు తనమీదనే ఆధారపడి యుండవలెనని కోరునది సేవ గాదు, పెత్తనము. నేర్చుకొన్న స్త్రీ మఱల అడుగుటకు రానినాడు నేర్పిన స్త్రీ గెలిచినదని యెంచవలయును. బిరుదు ఒక సంవత్సరమునకే గదా! మరుసటి సంవత్సరము అది మఱియొకరికి పోయినచో చిన్నబుచ్చుకొనక, పాత పత్రమును క్రొత్తదిగా చూపి తిరుగక, చెట్టు క్రింద మాత్రము యథాప్రకారము కూర్చుండగలిగినది ధన్యురాలు.

ధర్మము ఒకవైపే యుండదు. బిరుదిచ్చిన కంపెనీలకును ధర్మమున్నది. ఈ సందర్భమున అమెరికా సంగతి యొకటి తెలిసికొనదగినది. అమెరికా ఆన్‌లైను అను కంపెనీ 1990 ప్రాంతములయందు తన సంభాషణశాలలను కనిపెట్టి చూచుటకు వేలకొలది స్వచ్ఛంద సేవకులను ఏర్పఱచుకొన్నది. వారికి జీతము లేదు. చందాలో తగ్గింపు మాత్రము కలదు. కాని వారానికిన్ని గంటలు చేయవలెనను నిర్బంధమును, చేసిన గంటల లెక్క వ్రాయవలెనను నియమమును క్రమముగా వచ్చినవి. ఇది సేవ గాదు, జీతము లేని నౌకరి యని 1999లో అందులో పనిచేసిన యిద్దఱు న్యాయస్థానమున దావా వేసిరి. ఆ దావా పదేండ్లకు పైగా నడచి, 2010లో కంపెనీ 1 కోటి 50 లక్షల డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనుటతో ముగిసినది. ఈ భయము చేతనని కొందఱు చెప్పుదురు, మైక్రోసాఫ్టువారు 1999 అక్టోబరులో తమ బిరుదుల పద్ధతిని మూసివేయుటకు పూనుకొనిరి. కాని జనులు ఉత్తరముల వర్షము కురిపింపగా మూడు దినములలోనే మరల తెఱచిరి. ఒకచోట సేవకుల శ్రమకు విలువ యీయనందుకు కంపెనీ సొమ్ము చెల్లించుకొన్నది; మఱియొకచోట సేవకుల విలువ యెఱిగిన ప్రజలే వారి పక్షమున నిలిచిరి. మన బిడ్డ బిరుదు సంపాదించినదని సంతోషించు తల్లులు, ఆ బిడ్డ దినమునకెన్ని గంటలు ఎవరి లాభమునకై పనిచేయుచున్నదో గూడ విచారించుట మంచిది. బిరుదు కూలికి బదులు కారాదు.

ఇఁక ఇంటివారి ధర్మము. అత్తగారైనను తల్లియైనను, బిరుదు వచ్చిన కోడలిని కూతురిని జూచి గర్వించుట తప్పు గాదు. కాని, “మనవాళ్ళకు ముందు చేసిపెట్టు”, “ఆ ఫోను మా తమ్మునికి ఇప్పించు”, “ఫలానావారి ఖాతాలో ఎంతున్నది?” అని యడుగుట వలన ఆమె నడతను మనమే పాడుచేసినవారమగుదుము. ఇంటి మగవారు ఆ ఫోనును ముట్టకుండునట్లు కట్టుదిట్టము చేయుటయు పెద్దల బాధ్యతయే. నేర్చుకొనువారికిని ధర్మమున్నది. మన అంకెను మనము కంఠపాఠము చేసికొనవలయును. ఇంటి లెక్కలు, పురుళ్ళ తిథులు, నాటు వేసిన దినములు ఏండ్లకొలది జ్ఞాపకముంచుకొను స్త్రీలకు నాలుగంకెలు ఒక లెక్కయా?

మన ఉదయగిరి కొయ్యపని దేశమున పేరెన్నిక గన్నది. సమీపపు అడవుల కొయ్యతో గరిటెలు, చెంచాలు చేతితో చెక్కి చెక్కి నునుపుదేర్చుదురు. ఆ పనిలో స్త్రీల చేయి మిక్కుటము. ఆ పనికి ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తు ఏ యొక్కరి సొత్తును గాదు. అక్కడ ఆ విధముగా పనిచేయు వారందఱిది. ఒకరు నాసి సరుకు చేసి ఆ పేరు పెట్టి యమ్మినచో చెడునది ఆ యొక్కరి పేరు గాదు, ఉదయగిరి పేరు. బిరుదు సంగతియు అంతియే. ఒక యువతి తప్పుదారి త్రొక్కినచో, మఱునాడు మఱియొక మంచి యువతి గుమ్మమున నిలుచున్నను, “మీరంతా ఇంతే” యని తలుపు వేయుదురు. ఆ తలుపు వెనుక నేర్చుకొనవలసిన స్త్రీ యొకతె యుండిపోవును. ఈ విషయమున మాకున్న భయమంతయు ఆమెను గూర్చియే.

కడపట మన ప్రాంతముననే జరిగిన యొక సంగతిని జ్ఞప్తికి దెచ్చెదము. 1991వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా యుద్యమము నడచినది. పగలు కూలిచేసిన స్త్రీలకు రాత్రి లాంతరు వెలుగున చదువు చెప్పుటకు ఊరూర స్వచ్ఛంద సేవకులు బయలుదేఱిరి. వారికి జీతము లేదు, బిరుదు లేదు. ఆ చదువు పుస్తకములో సారా దుకాణమును మూయించిన స్త్రీ కథ యొకటి పాఠముగా నుండెను. ఉదయగిరికి సమీపమునగల కలిగిరి మండలమందలి దూబగుంట స్త్రీలు తమ యూర సారా నమ్మనీయకుండ అడ్డగించిరి. ఆ మాట జిల్లా యంతటను, తరువాత రాష్ట్రమంతటను ప్రాకినది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను ప్రభుత్వము సారాను నిషేధించినది. దూబగుంట రోశమ్మగారి పేరు నేటికిని జనుల నోట నున్నది. ఆ రాత్రి బడులలో అక్షరములు దిద్దించినవారి పేర్లు మనకు తెలియవు. వారు స్త్రీల చేయి పట్టుకొని అక్షరము నేర్పి, ఆ చేతిని ఆమెకే విడిచిరి. ఆ చేయి పిమ్మట ఏమి చేయవలయునో ఆమెయే నిర్ణయించుకొన్నది.

ఫోను నేర్పు మా చెల్లెండ్రకు ఇంతకంటె మంచి మాదిరి మఱియొకటి అక్కఱలేదు. కంపెనీ పంపిన పత్రమును గోడకు తగిలించుకొనుడు, సంతోషమే. కాని ఆ గోడయున్న యింటికి అర్ధరాత్రివేళ నొక ముసలి అవ్వ తన ఫోను పట్టుకొని నిర్భయముగా రాగలుగుచున్నదా లేదా యని మాత్రము అప్పుడప్పుడు పరీక్షించుకొనుడు. ఆమె వచ్చిన, ప్రక్కన కూర్చుండి చెప్పుడు. ఫోనును ఆమె చేతిలోనే యుండనిండు.